చీటీలో రాసిన బరువు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు అంత మంచిది కాదు. నేను పెరిగింది గుమ్మఘట్ట పక్క పల్లెలో. అక్కడ తిట్టడం తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తారు. ఆ నోరు పెట్టుకునే అనంతపురం వచ్చి ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఎకో గదిలో చేరాను. పద్దెనిమిదేళ్లయింది. గుండెకు స్కానింగు తీయడం నా పని. మనిషిని ఎడమ పక్కకు పడుకోబెట్టి, రొమ్ము మీద జెల్లు రాసి, ప్రోబు అదిమి, తెర మీద కొట్టుకునే గుండెను కొలుస్తాను. సంతకం డాక్టరుది. కొలత నాది.

ఈ కొలత సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుండె గది ఇంతే ఉండాలని అందరికీ ఒకే లెక్క పనికిరాదు. ఎనభై కేజీల మనిషికి సరైన కొలతే నలభై కేజీల ముసలామెకు ఎక్కువ. అందుకని గుండె కొలతను ఒంటి పరిమాణంతో భాగిస్తాం. ఎత్తూ బరువూ కొడితే మిషనే లెక్క కట్టి చూపిస్తుంది. ముసలివాళ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. వెన్ను వంగి ఎత్తు తగ్గుతుంది, కండ కరిగి బరువు తగ్గుతుంది. నిరుటి బరువు ఈ ఏటికి పనికిరాదు. ప్రతిసారీ కొత్తగా తూచాల్సిందే.

నేను చేరిన కొత్తలో ఎవరూ తూచేవాళ్లు కాదు. ముందు గదిలో నర్సు మనిషిని ఎగాదిగా చూసి, అరవై కేజీలు, నూట అరవై సెంటీమీటర్లు అని రాసి పంపేది. ఆడామగా, పొట్టీ పొడుగూ అందరూ అరవై కేజీలే. మా జిల్లాలో అరవై కేజీల ముసలామె ఎక్కడ దొరుకుతుందమ్మా, నాకొకసారి చూపించు, అని ఆమెతో గొడవ పడ్డాను. ఆమె నాతో మూణ్నెల్లు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పోట్లాడి ఒక కొత్త కాటా, గోడకు ఎత్తు కొలిచే పట్టీ తెప్పించాను. అప్పటినుంచి నర్సు తూచి చీటీ మీద రాస్తుంది, చీటీ చూసి నేను మిషన్లో కొడతాను. ఆ కాటా తెప్పించింది నేనేనని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను.

కాటా ఎక్కడానికి ముసలివాళ్లకు సిగ్గు. శనక్కాయ మూటను తూచినట్లు మమ్మల్ని తూస్తారేమప్పా అని గొణుగుతారు. వాళ్లను నవ్వించడానికి నాకొక మాట అలవాటైంది. చీటీ అందుకోవడానికి వాకిట్లోకి వచ్చినప్పుడు ముల్లు నలభై దగ్గర ఆగి ఉంటే, "ఏమవ్వా, కోడలు ముద్ద పెట్టేది లేదా?" అనేదాన్ని. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నవ్వేవాళ్లు. పక్కన కోడలుంటే మొహం మాడ్చుకునేది. అదీ నాకు తమాషాగానే ఉండేది. రోజుకు నాలుగైదుసార్లయినా అనేదాన్నేమో.

మా అత్తది గార్లదిన్నె దగ్గర పల్లె. మామ తొందరగా పోయాడు. ఆమె ముప్పై ఏళ్లు తెల్లవారి బస్సుకు గంపలేసుకుని వచ్చి అనంతపురం మార్కెట్లో కాయగూరలు అమ్మింది. అలాగే కొడుకును చదివించింది. ఆ కొడుకే మా ఆయన, బోరు మోటర్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాడు. మోకాళ్లు పట్టేశాక అమ్మడం మానేసి మా ఇంటికొచ్చింది. తక్కెడ ఎవరికో ఇచ్చేసి, తూకపు రాళ్లు మాత్రం తెచ్చుకుంది. వాటి మీద ప్రభుత్వం వేసిన ముద్రలుండేవి. ఏటేటా పోయి ముద్ర వేయించుకొచ్చేదాన్ని, ఒక్క రాయి కూడా అరిగింది వాడలేదు అని నాకు చాలాసార్లు చెప్పింది. నేను వినీ విననట్లు ఊకొట్టేదాన్ని.

మాకిద్దరికీ గొప్ప ప్రేమేమీ లేదు. పోట్లాటలూ లేవు. నేను ఉప్పు తక్కువేస్తానని ఆమె, ఆమె కుళాయి కట్టదని నేను. ఉదయం ఎనిమిదికల్లా నేను వెళ్లిపోతాను, సాయంత్రం ఆరుకు వస్తాను. మధ్యాహ్నం ఆమె ఏం తిన్నదో, తినలేదో నాకు తెలియదు. చట్టిలో సంగటి పెట్టి పోయేదాన్ని. తిరిగొచ్చేసరికి చట్టి కడిగి బోర్లించి ఉండేది. అది చూసుకుని తిన్నదనుకునేదాన్ని.

ఆమె కంటికి పట్టిన పొర తీయించాలంటే ముందు గుండె పరీక్ష కావాలన్నారు. మా ఆసుపత్రికే తీసుకుపోయాను. గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి రక్తం పోయే దారిలో ఒక కవాటముంటుంది. అది సరిగా మూసుకోక, పోయిన రక్తం మళ్లీ వెనక్కి కారుతోంది. ఎక్కువగానే కారుతోంది. ఆమెకేమో ఆయాసం లేదు, నొప్పి లేదు. డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఇప్పుడే ఆపరేషను వద్దు. ఏటేటా చూస్తూ ఉండు. ముడుచుకున్నప్పుడు గుండె గది వెడల్పును ఒంటి పరిమాణంతో భాగిస్తే ఇరవై ఐదు దాటకూడదు. దాటితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా బెంగుళూరు పంపి కవాటం మార్పించేద్దాం. కండ అలిసిపోకముందు చేయిస్తే ఈ వయసులో కూడా తట్టుకుంటారు, అలిసిపోయాక చేయిస్తే దేవుడి మీద భారం. ఆ ఏడు ఆమె బరువు నలభై రెండు కేజీలు. లెక్క ఇరవై రెండొచ్చింది.

రెండో ఏడు కూడా చీటీ మీద నలభై రెండే. లెక్క ఇరవై మూడు. మూడో ఏడు మళ్లీ నలభై రెండు, లెక్క ఇరవై నాలుగున్నర. గీతకు ఇవతలే ఉందని రాసిచ్చాను. డాక్టరు ఆ అర వైపు కాసేపు చూసి, ఆయాసముందా అని ఆమెను అడిగాడు. లేదప్పా, బాగుండా అంది. సరే, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మంచం మీద ఆమె రవిక విప్పి పడుకుంటే పక్కటెముకలు నాకు ఒక్కొక్కటీ కనిపించేవి. ప్రోబు పెడితే ఎముక తగిలి జారేది. నిరుటికీ ఇప్పటికీ చిక్కిపోయిందని నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా చీటీ మీద నలభై రెండుంది, నేను తెప్పించిన కాటా చెప్పింది, అంతే. మూడేళ్లుగా ఒక ముసలామె బరువు ఒక్క కేజీ కూడా ఇటూ అటూ కాకుండా ఎలా ఉందని అడగాల్సింది నేనే. ఇంకెవరి చీటీ అలా వచ్చినా నర్సు మీదికి పోయి ఉండేదాన్ని.

నాలుగో ఏడు ఎండాకాలం. ఎప్పటిలాగే నర్సు తూచింది, నలభై రెండు. ఎప్పటిలాగే మా అత్త బాత్రూముకు పోయొస్తానని పోయి, తిరిగొచ్చి, చేతిసంచీ కుర్చీ మీద పెట్టి మంచమెక్కింది. కుర్చీని జరుపుదామని కాలితో తోశాను. సంచీ కింద పడింది. బండల మీద ఇనుము పడిన చప్పుడైంది. బయట బెంచీ మీదివాళ్లు కూడా తొంగి చూశారు. తువ్వాలులో చుట్టిన మూడు తూకపు రాళ్లు. రెండు కేజీలవి రెండు, కేజీది ఒకటి. తువ్వాలుకు రెండు పక్కలా నడుముకు కట్టుకోవడానికి నాడా కుట్టి ఉంది. కుట్టు చాలా శుభ్రంగా వేసింది.

ఇవెందుకని అడిగాను. అమ్మేద్దామని తెచ్చినా అంది, గోడ వైపు చూస్తూ. నేను బయటి కాటాను లోపలికి లాక్కొచ్చి, తలుపు మూసి, ఆమెను మంచం మీది నుంచి దించి నిలబెట్టాను. ముప్పై ఏడు.

నాకు కోపమొచ్చింది. చెడ్డ కోపం. ఇది ఆటనుకుంటివా, ఈ అంకె మీదే కదా నీ ప్రాణం ఉండేది అని గొంతు పెంచి అరిచాను. ఆమె కాటా దిగలేదు. దాని మీదే నిలబడి, చీరకొంగు సర్దుకుని, మెల్లగా చెప్పింది.

"నేను బక్కగుంటే అనేది నిన్నే కదమ్మే. నువ్వే అందర్నీ అడుగుతాంటివి, కోడలు ముద్ద పెట్టేది లేదా అని. మొదటిసారి వచ్చిన్నాడు ఆ బెంచీ మింద కూచోని విన్నా. రేపు నన్ను తూచినంక ఆ నర్సు నిన్ను అట్లనే అడిగితే? నువ్వు పని చేసే తావు. నలుగుర్లో నీ తల వంగాల్నా?"

ఆమె ఇంకా చెప్పింది. ఊర్నించి వచ్చిన ప్రతిసారీ వాళ్ల చెల్లెలు ఈమె మణికట్టు పట్టుకుని చూస్తుందట, పైకేమీ అనదట. తిండి పెట్టడం లేదని కాదు, తనకే ఆకలి చచ్చిపోయిందట. నేను పెట్టిపోయిన సంగటిలో సగం ఎదురింటి బర్రెకు వేసి చట్టి కడిగేదట, నేను చూసి బాధపడతానని. రాళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పింది. మొదటి ఏడు నలభై రెండు వచ్చింది కాబట్టి అదే నిలబెట్టాలనుకుంది. పరీక్షకు ముందురోజు పాత మార్కెట్లో మూటలు తూచే కాటా దగ్గరికి నడిచిపోయి తనను తాను తూచుకునేది. ఎంత తగ్గితే అంత రాయి. రెండో ఏడు ఒక రాయి, నిరుడు రెండు, ఈ ఏడు మూడు. ముప్పై ఏళ్లు ఎవరికీ తూకంలో మోసం చేయని మనిషి, చేసిన ఒక్క మోసాన్ని కూడా సరైన తూకంతో చేసింది.

తర్వాత మంచం మీద పడుకోబెట్టి కొలిచాను. చేతులు వాటి పని అవి చేశాయి. గది ఇంకా పెరిగింది. ముప్పై ఏడు కేజీలతో లెక్క కడితే ఇరవై ఎనిమిదికి కొద్దిగా తక్కువ. రక్తం నెట్టే బలం నిరుడు బాగానే ఉండింది, ఈసారి పడిపోయింది. కండ అలిసిపోయింది. ఆ తర్వాత నిరుటి కొలత తీసి, నలభై రెండు చెరిపేసి ముప్పై ఎనిమిది కొట్టాను. ఇరవై ఐదు పాయింట్ ఎనిమిది వచ్చింది. అంటే పోయిన ఏడే గీత దాటింది. ఇవతలే ఉందని రాసిచ్చింది నేను. తెర చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. బయట ఇంకా ఎనిమిది మందున్నారు, వాళ్లకూ చేసి పంపాను.

సాయంత్రం డాక్టరు దగ్గరికి పోయి రాళ్లతో సహా అంతా చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. నిరుడే పంపాల్సింది, అయినా ఈ ఒక్క ఏడు ఎంత తేడా చేసిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు అన్నాడు. ఇప్పటికైనా చేయించడమే మేలు, వదిలేస్తే ఏడాది కూడా కష్టమన్నాడు. బెంగుళూరుకు ఉత్తరం రాసిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్త గడప మీద కూర్చుని ఉంది. మా ఆయన ఇంకా అంగడి నుంచి రాలేదు. పక్కన కూర్చున్నాను. నా వైపు తిరగకుండానే అడిగింది.

"రాళ్లతోనే వచ్చెనా ఇది?"

"కాదత్తా. వయసుతో వచ్చింది."

"మీ డాక్టరు అన్నాడా, నువ్వంటాండావా?"

"డాక్టరే అన్నాడు."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ముప్పై ఏళ్లు బేరమాడిన మనిషి, ఎదుటివాళ్ల అబద్ధం ఆమెకు తెలియకుండా ఉంటుందా. నా కొడుక్కు మాత్రం రాళ్ల సంగతి చెప్పొద్దు అని చేయి వేయించుకుంది. చెబితే వాడు నిన్ను ఒక మాట, నన్నొక మాట అంటాడు, ఎందుకొచ్చిన గొడవ అంది. నేను చేయి వేశాను. నిజం చెప్పాలంటే, ఆ ఒట్టు నాకే ఎక్కువ అవసరం.

బెంగుళూరులో అన్నీ వేగంగా జరిగిపోయాయి. అక్కడ ఆమెను మళ్లీ తూచారు. కాటా ఎక్కే ముందు చెప్పులు విప్పేసి, చేతి కడియాలు కూడా తీసి నాకిచ్చింది. ముప్పై ఆరున్నర. ఆ నర్సు ఎవరో మలయాళం అమ్మాయి, ఏమీ అనకుండా రాసుకుంది. మా అత్త నా వైపు చూసి, చూస్తివా, ఈడ ఎవరూ అడగరు అంది. నేను కడియాలు రుమాలులో కట్టి సంచీలో వేసుకున్నాను.

పెద్ద డాక్టరు మాకు గండం సంగతి దాచలేదు. నూటికి ఇంత అని ఏదో చెప్పాడు, మా ఆయన నా మొహం చూశాడు. ఇంట్లో ఇవన్నీ తెలిసినదాన్ని నేనే. నువ్వేమంటే అది అన్నాడు. చేయిద్దామన్నాను. అది తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. నిరుడు అనాల్సిన మాట ఈ ఏడు అన్నాను, అంతే.

కవాటం చక్కగా కూర్చుంది. కారడం ఆగింది. గుండె మాత్రం పుంజుకోలేదు. ఐసీయూలో వాళ్లు రోజూ మంచం దగ్గరికే మిషను తెచ్చి ఎకో చేసేవాళ్లు. అద్దంలో నుంచి తెర నాకు కనిపించేది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాకు తెలిసిపోయేది, మొదటి రోజు ఇంత, రెండో రోజు అంతకంటే తక్కువ. మా ఆయన ఎట్లుండాదని అడిగితే డాక్టర్లు చెప్తారులే అనేదాన్ని. ఐదో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు పోయింది. నేను క్యాంటీన్లో టీ తాగుతున్నాను. ఫోనొచ్చింది. టీ పూర్తిగా తాగి, గ్లాసు అక్కడ పెట్టి లేచాను. ఎందుకట్లా చేశానో తెలియదు.

పల్లెకు తీసుకొచ్చి మట్టి చేశాం. ఏడవలేదని ఎవరైనా అనుకుంటారేమోనని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కొంగు వెనక నా కళ్లు పొడిగానే ఉన్నాయి. గుంత తవ్వినవాళ్లు లోపల ఇంకా రాయే తగులుతాందని చెప్పుకోవడం వినిపించింది. ఎండ గురించి, బస్సుల గురించి ఆలోచించాను. లోపల ఏమీ కదల్లేదు. ఇప్పటికీ పెద్దగా కదల్లేదు, అందుకే ఇదంతా ఇలా వరసగా చెప్పగలుగుతున్నాను.

ఆసుపత్రికి మళ్లీ పోయాక ఒక పద్ధతి పెట్టాను. ముసలివాళ్లను ఎకో గదిలోకి పిలిచి, తలుపు మూసి, ఒంటి మీద బరువులేమైనా ఉంటే తీసేయించి, నేనే తూస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు. అలా తూస్తే ఎంతమంది నడుముల్లో ఏమేముంటాయో చూశాను. తాళంచేతుల గుత్తులు, వక్కాకు సంచులు, చిల్లర మూటలు. రాళ్లు మాత్రం ఇంకెవరి దగ్గరా కనపడలేదు. తూచేటప్పుడు నేను ఏమీ మాట్లాడను. ఈమె ముందు బాగా నవ్వించేది, ఇప్పుడేంది ఇట్లయిపోయింది అని నర్సులు అనుకుంటారట.

దానికంటే ముందు, పదకొండో రోజు దినానికి ఊరంతా వచ్చారు. మా ఆయన పెద్దల మధ్య కూర్చుని, వినేవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. నాలుగేండ్లు మా అమ్మ గుండెను నా పెండ్లామే కనిపెట్టుకోని ఉండె, ఏటేటా సొంత చేత్తో పరీక్ష చేసె, కన్నకూతురు కూడా అంత చేయదు అని. వాళ్లంతా నా వైపు చూసి తలలూపారు. నేను విస్తరాకులు తుడుస్తూ ఉన్నాను.

భోజనాల దగ్గర మా అత్త చెల్లెలు వచ్చి నా పక్కన కూర్చుంది. అక్క మణికట్టు పట్టుకుని చూసేదని చెప్పానే, ఆమె. అచ్చం మా అత్త మొహమే. నా చేయి తన ఒళ్లోకి తీసుకుని, ఎవరికీ వినపడకుండా అంది.

"నేను పాపం చేసినామ్మే. మా అక్క చిక్కిపోతాంటే నువ్వు సరిగ్గా పెట్టడం లేదేమోనని మనసులో అనుకున్యా. ఆ జబ్బే ఆయమ్మను తినింది, నీ తప్పేం లేదు. నీ మీద ఇంగ ఎవరూ ఒక్క మాట అనరు."

సరేలే పిన్నమ్మా అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని లేచి, నా విస్తట్లో తన చేత్తో ముద్ద పెట్టి, పైన చారు పోసింది. తిను, బాగా తిను అని ఎదురుగా నిలబడింది. ఆకలిగా ఉండింది. మొత్తం తిన్నాను.